ఎడమ భుజం కుట్టు

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ నాన్నా కూడా క్షేమంగా ఉన్నారనే నా నమ్మకం. నాన్న నడుము మాత్రం నా నమ్మకంతో పని లేకుండా దాని దారిన అది నొప్పి పెడుతూనే ఉంటుందని తెలుసు. బస్సు సీటు మీద వేసుకోమని నువ్వు కుట్టిన మెత్త వాడుతున్నాడా, లేక డ్రైవర్లందరూ నవ్వుతారని ఇంట్లోనే వదిలేసి పోతున్నాడా? నవ్వేవాళ్ళకు కూడా తలా ఒకటి కుట్టి పంపు. ఇక ఎవరూ నవ్వరు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ముందు నీ ప్రశ్నలకు వరసగా జవాబులు చెప్పేస్తాను. లేకపోతే వచ్చే ఉత్తరంలో మళ్ళీ అవే అడుగుతావు. మూడు పూటలా తింటున్నాను. క్యాంటీను వంటాయన ఉప్పు విషయంలో ఒకరోజు పిసినారి, ఒకరోజు దానకర్ణుడు. బూటు అడుగు ఊడితే పారేయలేదు, అతికించుకున్నాను. కిటికీ గడియ బాగుచేశారు, ఇప్పుడు కిటికీ మూసుకుంటోంది గానీ తెరుచుకోవడం లేదు. నా గదిలో ఉండే అమ్మాయికి దగ్గు తగ్గింది. అన్నీ వేళ ప్రకారం చేస్తుందని ఆమెను ఇక్కడ అందరూ గడియారం అంటారని రాశాను కదా, ఆ దగ్గు కూడా వేళ తప్పకుండానే వచ్చేది. గణాంకశాస్త్రంలో డెబ్బై ఎనిమిది వచ్చాయి. ఇంకో రెండు రావలసింది, కూడిక తప్పాను. నాన్నకు ఎనభై అని చెప్పు, ఆయన సంతోషిస్తాడు. వద్దులే, డెబ్బై ఎనిమిదే చెప్పు. ఎందుకంటున్నానో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

ఇక నీ ఆఖరి ప్రశ్న. 'కాలేజీ పత్రికలో ఏదో రాస్తున్నావని నాన్న అంటున్నాడు, నాకు ఒక్కటైనా పంపవేం?' అని అడిగావు. దానికి జవాబు ఒక ముక్కలో తేలేది కాదు. ఈ ఉత్తరమంతా ఆ జవాబే. ఆస్పత్రి బట్టల గదిలో, చిరిగిన దుప్పట్ల కుప్ప పక్కన నిలబడి చదవకు. ఇంటికి వెళ్ళి, మిషను మూత వేసి, కుర్చీలో కూర్చుని చదువు.

మన ఇంట్లో టీవీలో సినిమా అవార్డుల కార్యక్రమం చూసే తీరే వేరు కదమ్మా. బహుమతి ఎవరికి వచ్చిందో నాన్న చూసుకునేవాడు. ఎవరు ఏడుస్తారో నేను ముందే చెప్పేదాన్ని. నువ్వు మాత్రం మెట్లెక్కే మనుషుల వీపులు చూసేదానివి. 'ఆ జిప్పు పక్కన గుడ్డ లాగుతోంది.' 'ఆ కోటు మెడ కత్తిరించినవాడు మనసు ఎక్కడో పెట్టాడు.' 'ఆ అంచు చూడవే, మొత్తం చేత్తో కుట్టింది, ఎన్ని రోజులు కూర్చుందో మహాతల్లి.' నేను హాస్టలుకు వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ వేసినప్పుడు అక్కడ నువ్వూ ఇక్కడ నేనూ చూడటం, ఆ తర్వాత నువ్వు రెండు పేజీలు రాయడం. ఫోన్‌లో 'తిన్నావా, జాగ్రత్త' అని పెట్టేసే మనిషివి, కాగితం మీద బట్టల గురించి మొదలుపెడితే నీ చెయ్యి ఆగదు. ఆ ఉత్తరాలన్నీ నా పెట్టెలో ఉన్నాయి.

నీ కన్ను నాకూ అంటుకున్నట్టుంది. పొద్దున్న బస్సు కోసం నిలబడితే మనుషుల కన్నా ముందు కుట్లు కనబడతాయి. మా గణాంకశాస్త్రం మేస్టారి గోధుమరంగు కోటు వెనక లైనింగు రెండు వేళ్ళంత వేలాడుతుంది. ఆయన బోర్డు మీద సంభావ్యత రాస్తుంటే నేను ఆ లైనింగు ఈ వారం ఊడే సంభావ్యత లెక్కవేస్తుంటాను. ఎదురు దుకాణంలో పనిచేసే అమ్మాయి ఒకటే నీలం చొక్కాను వారంలో మూడు రకాలుగా వేసుకుంటుంది. ఒకరోజు చేతులు మడిచి, ఒకరోజు మెడకు రుమాలు కట్టి, ఒకరోజు పైన స్వెట్టరు వేసి. వేదిక మీద మెరిసేవాళ్ళకు వెనక పదిమంది ఉంటారు, ఈ అమ్మాయికి అద్దం ఒక్కటే ఉంది. ఫ్యాషన్ అంటే నాకు ముందు ఆమే గుర్తుకొస్తుంది. ఇలాంటివి రాస్తే ఎవరు చదువుతారులే అనుకుని, జనం చదివేది రాయడం మొదలుపెట్టాను. అక్కడే దారి తప్పాను.

మా పక్షపత్రిక నడిపే సీనియరును అందరం ఎడిటరక్క అంటాం. పోయిన ఏడాది ఆమె నాకు ఒక శీర్షిక ఇచ్చింది. పేరు 'సూదిమొన'. అవార్డుల కార్యక్రమాల్లో ఎవరు ఏం వేసుకున్నారో చూసి పదికి మార్కులు వేయాలి. మొదట్లో మెత్తగానే రాశాను. ఒకసారి ఎవరినో ఎగతాళి చేస్తే భోజనాల హాలులో బల్లలు చరిచి నవ్వారు. ఆ నవ్వు రుచి మరిగాను. నోటికొచ్చింది రాస్తే చేతికి చప్పట్లొచ్చాయి. నన్ను కూడా సూదిమొన అనే పిలవడం మొదలుపెట్టారు. నాకు బాగుండేది. అబద్ధం ఎందుకు, చాలా బాగుండేది.

రెండు నెలల కిందటి కార్యక్రమం నీకు గుర్తుండే ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా అమ్మలుగా, నర్సులుగా, ఇంటి యజమానురాళ్ళుగా వేషాలు వేసిన ఆవిడకు మొదటిసారి సహాయనటి బహుమతి వచ్చింది. పొడవాటి ఆకుపచ్చ గౌను వేసుకుంది. బహుమతిని రెండు చేతులతో తల పైకి ఎత్తి పట్టుకుని, చాలాసేపు దించలేదు. మాట్లాడుతుండగానే సమయం అయిపోయిందని సంగీతం మొదలెట్టారు. 'ఈ బట్టలు కుట్టినామెకు కూడా...' అంటుండగా మైకు కట్టేశారు. హాస్టలు హాలులో నలభైమంది చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టి, వారం తిరిగాక గదిలో కూర్చుని ఏం రాశానో తెలుసా? 'ఎడమ భుజం మీద కుచ్చు ఎక్కువైంది, కుడివైపు అసలు లేదు. కుట్టినవాళ్ళకు చందాలు వేసుకుని కళ్ళజోడు కొనిపెట్టాలి. పదికి రెండు.'

అది కాలేజీ గేటు దాటి ఊరంతా తిరిగింది. ఫోన్ల నుంచి ఫోన్లకు పాకింది. ఎవరో సినిమా కబుర్ల వాళ్ళు నా పేరుతో సహా ఎత్తి వేసుకున్నారు. వారం రోజులు నా కాళ్ళు నేల మీద లేవు.

మూడు వారాల కిందట గడియారం తన ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి రెండు స్టాపుల అవతల ఉన్న టైలరు దుకాణానికి వెళ్ళింది. వచ్చి, "నీ వ్యాసం అక్కడ గోడకు పెట్టుకున్నారే" అంది. నాకు అభిమానులు పుట్టారనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. శనివారం పొద్దున్నే తల దువ్వుకుని, కోటు లైనింగు చిరిగిందన్న సాకుతో బయలుదేరాను. సూది కోసం సోదికి వెళితే అన్న సామెత నాకే చుట్టుకుంటుందని తెలియదు.

రొట్టెల దుకాణానికీ తాళాలు చేసే దుకాణానికీ మధ్య ఇరికిన గది అది. రెండు మిషన్లు, కత్తిరించే బల్ల, కిటికీ పక్కన ఒక చెక్క బొమ్మ. బల్ల వెనక ఒకావిడ, నీకన్నా పదేళ్ళు పెద్దది ఉంటుంది, మెడలో టేపు, ముక్కు మీద ఒక కళ్ళజోడు, నెత్తి మీద ఇంకొకటి. గోడ మీద ఆకుపచ్చ గౌను ఫోటో. దాని పక్కన నా వ్యాసం, నాలుగు మూలలా నాలుగు గుండుసూదులతో.



"ఏంటమ్మాయ్ పని?"

"లైనింగు ఊడిందండీ."

కోటు తీసుకుని లోపలివైపు తిప్పి, కుట్టు వెంట వేలు నడిపింది. "ఎవరో ఇంతకుముందు సరిచేశారే. మంచి చెయ్యి."

అది నువ్వు వేసిన కుట్టు. అప్పుడైనా నోరు తెరవవలసింది. తెరిచాను, కానీ వేరే మాటకు. "గోడ మీద అదేంటండీ?"

"అదా? ఎవరో చదువుకునే పిల్ల రాసింది. నా కుట్టుకు పదికి రెండు వేసింది."

"మరి చింపేయకుండా ఎందుకు పెట్టుకున్నారు?"

"ఇదొక్కటి చింపితే ఊళ్ళో ఉన్నవన్నీ చిరిగిపోతాయా?" అని కోటు పక్కన పెట్టింది. "ఏటా నాకే పని ఇచ్చే నాటకాల వాళ్ళు ఈసారి 'చూద్దాంలెండి' అన్నారు. పెళ్ళి గౌనుకని గుడ్డ ఇచ్చిన అమ్మాయి వచ్చి గుడ్డ వెనక్కి పట్టుకుపోయింది. కళ్ళజోడు కొనిపెట్టాలట నాకు! రెండున్నాయమ్మా, దగ్గరికొకటి, దూరానికొకటి." నెత్తి మీది కళ్ళజోడు సరిచేసుకుంది. "అయినా ఆ పిల్ల కన్ను మామూలుది కాదు. అన్ని వేలమంది చూశారు కదా, ఆ భుజం ఒక్కళ్ళకీ కనబడలేదు. ఈ పిల్లకు కనబడింది. కనబడ్డాక ఒక్క నిమిషం ఆగి, ఎందుకలా ఉందబ్బా అనుకుని ఉంటే ఎంత బాగుండేది! రోజూ ఆ కాగితం చూసి అదే అనుకుంటాను."

"కోటు ఎప్పుడిస్తారండీ?" అన్నాను.

"గురువారం సాయంత్రం రా. పేరేంటి?"

నేను గడియారం పేరు చెప్పి బయటపడ్డాను.

గదికి వచ్చి జరిగింది చెబితే గడియారం పుస్తకం మూసేసింది. "తప్పు నీది, పేరు నాదా? బాగుందే! గురువారం అయిదింటికల్లా వెళ్ళి నీ పేరు నువ్వు చెప్పుకుని రా. రాకపోతే నేనే వెళ్ళి చెబుతా." మూడు పూటలా తింటున్నానని పైన రాశాను చూడు, అది మిగతా రోజుల సంగతి. ఆ అయిదు రోజులూ ముద్ద దిగలేదు.

గురువారం వెళ్ళేసరికి కోటు మడిచి బల్ల మీద పెట్టి ఉంది. నేను గడపలో నిలబడే చెప్పేశాను. "అది రాసింది నేనేనండీ. పేరు కూడా అబద్ధం చెప్పాను."

టైలరమ్మ తల ఎత్తలేదు, చేతిలో గుండీ కుట్టడం పూర్తి చేసి దారం కొరికింది. "తెలుసు. కోటు లోపలి జేబులో నీ కాలేజీ కార్డుంది. అందులో కూడా ఇదే బిక్కమొహం."

"మరి నాకు కబురు చేయలేదేం?"

"ఎందుకూ? కోటు కోసమైనా వస్తావు, కార్డు కోసమైనా వస్తావు. వచ్చి ఏం చెబుతావో చూద్దామని. కూర్చో, గడపలో నిలబడితే వెలుతురు ఆగిపోతోంది."

కూర్చున్నాను. ఆ భుజం ఎందుకలా కుట్టారని అడిగాను. "అది నేను చెప్పేది కాదమ్మాయ్. వేసుకున్న మనిషిది," అంది.

ఇక్కడే అమ్మా, నీకు చెప్పవలసిన మాట ఉంది. దీని కోసమే ఇన్ని పేజీలు తిరిగి తిరిగి వచ్చాను. సూదిమొనలో వచ్చిన మంచి మాటలేవీ నావి కావు. అంచుల గురించి, మెడల గురించి, గుడ్డ లాగడం గురించి రాసినవన్నీ నీ ఉత్తరాల్లోంచి తీసినవి. వెటకారం ఒక్కటే నా సొంతం. ఎవరైనా 'ఇవన్నీ నీకెలా తెలుసు?' అంటే పుస్తకాలు చదువుతానని చెప్పేదాన్ని. మా అమ్మ ఆస్పత్రిలో దుప్పట్లు కుడుతుందని చెప్పడానికి సిగ్గుపడ్డాను. అందుకే నీకు పత్రిక పంపలేదు. చదివితే మొదటి ముక్కకే నీ మాటలు నువ్వు గుర్తుపడతావు.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. ఆ ఆకుపచ్చ గౌను గురించి నువ్వు రాసిన ఉత్తరం పెట్టెలోంచి తీసి ఆ గురువారం సంచిలో పెట్టుకుని వెళ్ళాను. అందులో ఏముందో నీకు గుర్తుందో లేదో. 'ఎడమ భుజం మీద కుచ్చు ఎక్కువైంది, కుడివైపు అసలు లేదు. అంత చెయ్యి తిరిగిన మనిషి ఊరికే అలా కుట్టదు. అక్కడ దేన్నో కాపాడుతోంది.' మూడు వాక్యాలు. మొదటిది పత్రికలో పెట్టాను. మిగిలిన రెండూ మింగేశాను. అవి ఉంటే ఎవరూ నవ్వరు కాబట్టి. తెలియక రాసిన తప్పు కాదమ్మా అది. నువ్వు ఆగమన్న చోట నేను ఆగలేదు.

ఆ ఉత్తరం తీసి టైలరమ్మ చేతికిచ్చాను. దగ్గరి కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"మీ అమ్మ ఏం చేస్తుంది?"

చెప్పాను. ఏ ఆస్పత్రో, ఎన్నేళ్ళుగానో, రోజుకు ఎన్ని దుప్పట్లో అన్నీ చెప్పాను. ఆవిడ ఫోను తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది. చాలాసేపు మాట వినబడలేదు. తర్వాత ఒక నవ్వు వినబడింది. బయటికి వచ్చి, "ఆ గౌను వేసుకున్నావిడ ఒప్పుకుంది. మీ అమ్మకు చెప్పమంది. నీకు కాదు, మీ అమ్మకి. నువ్వు మధ్యలో ఉన్నావు కాబట్టి ఎలాగూ వింటావు. కాలేజీ పత్రికలో గానీ ఇంకెక్కడ గానీ ఒక్క ముక్క రాకూడదు," అంది.

అందుకే ఇది నీకొక్కదానికే. ఎప్పుడో షూటింగులో ఆవిడ మెట్ల మీద నుంచి పడింది. ఎడమవైపు మెడ కింది ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. ఆ భుజం రెండు వేళ్ళంత కిందికి ఉంటుంది, చెయ్యి సరిగా లేవదు. తెలిస్తే వేషాలు ఇవ్వరని ఇన్నేళ్ళూ దాచుకుంది. బహుమతి వస్తుందో రాదో తెలియదు గానీ, వస్తే మాత్రం అందరిలా రెండు చేతులతో పైకి ఎత్తాలని ఆవిడ కోరిక. మామూలుగా కుడితే చెయ్యి ఎత్తగానే గౌను మొత్తం పైకి లేచిపోతుంది, లేదా చంక దగ్గర చిరుగుతుంది. అందుకని టైలరమ్మ లోపల చిన్న మెత్త పెట్టి, పైన గుడ్డ కుచ్చుగా దాచి ఉంచింది, చెయ్యి లేచినప్పుడు విప్పారేలా. ఇద్దరూ నెల రోజులు ఆ దుకాణం గదిలో ఖాళీ డబ్బా ఒకటి పైకి ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి చూసుకున్నారట.

నేను పదికి రెండు వేసింది దానికి.

ఏడ్చానా అని అడగకు. టైలరమ్మ ఒక గుడ్డముక్క ఇచ్చి, "కళ్ళు తుడుచుకో, పట్టుగుడ్డ మీద పడితే మరక పోదు," అంది.

మర్నాడే ఎడిటరక్క దగ్గరికి వెళ్ళి, తప్పు ఒప్పుకుంటూ రాస్తానన్నాను. "కారణం చెప్పకుండా క్షమాపణ ఏంటే? చదివేవాళ్ళకు ఏం అర్థమవుతుంది?" అంది. "కారణం చెప్పను అక్కా. తప్పు చూశాను, తప్పు రాశాను, అంతే," అన్నాను. "నీ శీర్షిక చచ్చిపోతుంది," అంది. "పోనీ," అన్నాను. గంటసేపు వాదించుకున్నాం. చివరికి అదే పేజీలో, అదే కొలతలో వేసింది. వేసిన రోజు భోజనాల హాలులో 'సూదిమొన వంగింది' అని కేకలు పెట్టారు. ఉచితంగా గౌను కుట్టించుకుని మాట మార్చానని ఒకడు అన్నాడు. సినిమా కబుర్ల వాళ్ళు నా క్షమాపణను పట్టించుకోలేదు. వెటకారం పరిగెత్తినంత జోరుగా అది నడవదని తెలిసింది. కానీ నాటకాల వాళ్ళు మళ్ళీ వచ్చి కొలతలు ఇచ్చి వెళ్ళారు. పెళ్ళి గౌను అమ్మాయి రాలేదు. మా గణాంకశాస్త్రం మేస్టారు క్లాసు అయ్యాక నన్ను ఆపి, "ఆ దుకాణం ఎక్కడమ్మా? నా కోటుకు కాస్త పనుంది," అన్నారు.

ఆ సంచిక ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నాలుగో పేజీ. అందులో చివరి పేరాలో ఇలా ఉంటుంది. 'ఈ శీర్షికలో ఇంతవరకు వచ్చిన మంచి పరిశీలనలు మా అమ్మవి. ఆమె ఆస్పత్రి బట్టల గదిలో కుట్టుపని చేస్తుంది.' నిన్ను అడగకుండా వేశాను. కోపం వస్తే నాన్న మీద చూపించకు, నాకే రాయి.

ఇప్పుడు శనివారాలు పొద్దున నేను ఆ దుకాణంలో ఉంటున్నాను. టైలరమ్మ నాతో గుండీల కాజాలు కుట్టిస్తోంది. ఇప్పటికి పందొమ్మిది కుట్టాను, పదిహేడు విప్పించింది. చదువు మానేస్తానని భయపడకు. లెక్కలు నాకు ఇష్టమే. కానీ ఆ గదిలో కూర్చున్నంతసేపు ఎవరు నవ్వుతారో అన్న ధ్యాస ఉండదు. సూది ఎక్కడ దిగుతుందో అదొక్కటే.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. తెర వెనక పనిచేసేవాళ్ళకు, అంటే బట్టలు కుట్టేవాళ్ళకూ జుట్టు సవరించేవాళ్ళకూ దీపాలు అమర్చేవాళ్ళకూ, ఇచ్చే బహుమతులు వేరే ఉంటాయట. మధ్యాహ్నం పూట ఇచ్చేస్తారు, టీవీలో రాదు. ఆ నటి పట్టుబట్టి టైలరమ్మ పేరు పంపింది. చివరి ముగ్గురిలో ఈవిడ పేరుంది. వచ్చే నెల ఇరవైన కార్యక్రమం. వేసుకోవడానికి ఈవిడకు సరైన బట్ట ఒక్కటీ లేదు.

"నేను కొలతలు తీస్తానండీ," అన్నాను.

"నువ్వు ముందు కాజాలు నేర్చుకో," అంది. టేపు వేలికి చుట్టుకుంది. "నలభై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరి కొలతలూ నాకు నోటికొచ్చు. నా కొలత తీసినవాళ్ళు లేరు. నేనే తీసుకోవాలంటే వంగాలి, వంగితే కొలత మారిపోతుంది. మీ అమ్మ వస్తుందేమో అడుగు. టీవీలో అంత దూరం నుంచి భుజం చూసి చెప్పిన మనిషి, దగ్గర నుంచి నన్ను చూసి ఏమంటుందో వినాలనుంది. గౌను మీ అమ్మే కత్తిరించాలి. మిషను నాది, గుడ్డ నాది, చెయ్యి ఆవిడది."

నేను ఏమీ మాట ఇవ్వలేదు. అడుగుతానని మాత్రం చెప్పాను. కాబట్టి అడుగుతున్నాను. నాలుగు రోజులు చాలు. గడియారం తన మంచం నీకిచ్చి నేల మీద పడుకుంటానని ఇప్పుడే దుప్పటి కూడా సర్దేసింది. నువ్వు 'నాకు ఆస్పత్రి బట్టలు తప్ప ఏం వచ్చు' అంటావని తెలుసు. నొప్పితో ఉన్న ఒళ్ళకు గుచ్చుకోకుండా ఇరవై ఏళ్ళు కుట్టిన చెయ్యి నీది. ఆవిడకు కావలసింది అదే.

సెలవు చీటీలో ఒంట్లో బాగాలేదనో, బంధువుల ఇంట్లో పనుందనో రాయకు. 'వేరే ఊళ్ళో ఒకరికి గౌను కుట్టాలి' అని ఉన్నదున్నట్టు రాయి. మీ సూపర్‌వైజరు రెండుసార్లు చదువుకుంటుంది. చదువుకోనీ.

ఇట్లు,
బస్టాండులో నీ సంచి అందుకోవడానికి ముందే వచ్చి నిలబడే
నీ కూతురు